ఇంటి సర్వర్లో బావ గొంతు

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలవడం అలవాటై, పెళ్లయ్యాక కూడా అదే నిలిచిపోయింది. హార్బరులో క్రేన్ల కరెంటు పని చూసేవాడు. గొంతులో పుండు పడి, అది మంచిది కాదని తేలాక స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం చేశారు, ఊపిరి దాంట్లోంచే. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటాడు. మాట మాత్రం పోయింది.

అన్నవాహికలోకి గాలి మింగి, దాన్ని పైకి తెస్తూ మాట్లాడటం నేర్చుకోవచ్చని డాక్టరు చెప్పింది. సాధన చేయించే క్లాసుకు కొన్నాళ్లు తీసుకెళ్లాను. తర్వాత బావ రానన్నాడు. పిల్లలు దిద్దుకునే పలక ఒకటి కొనుక్కుని దాని మీద రాయడం మొదలుపెట్టాడు. హార్బరులో కూడా క్రేన్ల మీద నుంచి దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు. అక్కడ మాటతో పెద్దగా పని ఉండదు.

నా ఫోన్లో బావ పాత వాయిస్ మెసేజ్ ఒకటి ఉండేది. "బెండకాయలు లేతగున్నాయి, తెత్తన్నాను. ఇంకేటన్నా కావాలా?" అంతే. వెనకాల బస్సు హారను, ఎవరో మామిడికాయలు బేరమాడుతున్న గొడవ. పెందుర్తిలో ఒక కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక, డబ్బా తెరవకముందే ఆ మెసేజ్ వినేదాన్ని. ఆపరేషన్ అయ్యాక అది నాకు అన్నంతో పాటు అలవాటైపోయింది.

ఒక సాయంత్రం గోపాలపట్నంలో బస్సు దిగేసరికి కుండపోత వాన. ఇంటికొచ్చి చూసుకుంటే సంచీతో పాటు ఫోను కూడా తడిసి ముద్దయింది. రిపేరు షాపు అతను విప్పి చూసి, లోపల బోర్డు పోయిందన్నాడు. కొత్త ఫోను కొంటే నంబర్లన్నీ తిరిగొచ్చాయి గానీ, ఆ మెసేజ్ రాలేదు. ఇంటర్నెట్లో నాకంటూ ఇచ్చిన ఉచిత జాగా ఎప్పుడో నిండిపోయిందట. అప్పటి నుంచీ అది ఏదీ దాచడం లేదట. బావ కూడా ఆపరేషన్ అయ్యాక ఫోను మార్చేశాడు, అందులోనూ లేదు. లేతగా ఉన్న ఆ బెండకాయలు ఇక ఎక్కడా లేవు.

ఆ రాత్రి ఏడ్చాను. పొద్దున లేచేసరికి ఏడుపు పోయి పట్టుదల వచ్చింది. బావ మాట ఇంకా ఎవరెవరి ఫోన్లలోనో ఉండి ఉంటుంది. ఆ ఫోన్లు కూడా తడుస్తాయి, పగిలిపోతాయి, మారిపోతాయి. అవన్నీ పోయేలోపు ఒకచోటికి చేర్చాలి. ఆ చోటు నా ఇంట్లోనే, నా కళ్లెదుటే ఉండాలి.

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసే మేడమ్‌ని అడిగాను. నాకంటే చిన్నది, ఓపికున్న మనిషి.

"మీరడిగేదాన్ని సర్వర్ అంటారండి. పెద్ద విషయమేం కాదు. ఇంట్లో ఒక కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. మీ ఫోను దాన్ని అడుగుతుంది, అది ఇస్తుంది. పాత కంప్యూటరైనా చాలు. విండోస్ బదులు లినక్స్ వేసుకుంటే తేలిగ్గా నడుస్తుంది."

"నాకు రాదు కదా."

"మీరు ఇన్ని పుస్తకాలకి నంబర్లేసి బీరువాల్లో సర్దలేదా? ఇదీ అలాంటిదే. కాకపోతే అంతా టైపు చేసి చెప్పాలి."

ఆమె ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి ఇచ్చింది. లినక్స్‌లో చాలా రకాలున్నాయని, వాటిలో నిదానంగా, నమ్మకంగా నడిచేదాన్ని ఎంచానని చెప్పింది. పాత కంప్యూటర్లు వన్‌టౌన్‌లో దొరుకుతాయంటే శనివారం సగం పూట సెలవు పెట్టి వెళ్లాను.

ఆ షాపు ఒక సందులో ఉంది. బయట అరుగు మీద ఎండలో కీబోర్డులు ఆరబెట్టి ఉన్నాయి. నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసులు తీసేసిన యంత్రాలు కొని, బాగు చేసి అమ్ముతాడు.

"ఏం పనికమ్మా? పిల్లల చదువుకా?"

"కాదండీ, మా ఆయన మాటలు దాచుకోడానికి," అన్నాను. తర్వాత అడక్కుండానే అంతా చెప్పేశాను.

ఆయన లోపలికెళ్లి ఒక నల్లటి పెట్టె తెచ్చాడు. పాటలూ మాటలూ దాచడానికి దాని సొంత డిస్కు చాలదని, పెద్ద డిస్కు ఒకటి తీసి కరెంటు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశాడు. ఇంకొకటి విన్నాడు. దాన్ని నా చెవి దగ్గర పెట్టి, "టక్ టక్ అనట్లేదు కదా? ఇది మంచిది," అన్నాడు. ఆ తర్వాత అలాంటిదే రెండోది కూడా వెతికాడు.

"ఒకటి చాలదా అండీ?"

"డిస్కు చెప్పి పోదమ్మా. ఒకే మాట రెండు చోట్ల ఉండాల. అప్పుడే ఉన్నట్టు లెక్క."

ఆదివారం పొద్దున ఆ పెట్టెను అన్నం తినే బల్ల మీద పెట్టాను. బావ కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాడు. ఎందుకో చెప్పలేదు. కాలేజీ పని అనుకున్నట్టున్నాడు. మొదటిసారి ఎక్కించడం అయిందనుకుని మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒక గీత మాత్రం మిణుకుమిణుకుమంది. ఎంతసేపు చూసినా అదే. లినక్స్ ఏ డిస్కు మీద వెయ్యాలో ఆ డిస్కు మీద వెయ్యలేదని అర్థమై మళ్లీ మొదటి నుంచీ చేశాను. ఈసారి పేరు అడిగింది. ఇచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది. టైపు చేస్తుంటే తెర మీద ఒక్క చుక్కైనా పడదు. కీబోర్డు పోయిందనుకుని తిరగేసి కొట్టాను. మేడమ్‌కి ఫోను చేస్తే నవ్వింది. అది అంతేనట, ఎన్ని అక్షరాలో కూడా పక్కవాళ్లకి తెలియనివ్వదట. గుడ్డిగా టైపు చేసి ఎంటర్ నొక్కితే లోపలికి రానిచ్చింది. బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు. తెల్లటి అక్షరాలు, ఒక ఖాళీ వరస.

బావ తొంగిచూసి పలక మీద రాశాడు. "పాడైపోనాదా?"

"లేదు బావా. ఇది ఇలాగే ఉంటాది."

తర్వాత వారాలన్నీ కాలేజీ నుంచి రాగానే దాని ముందే. ఒక చిక్కు విప్పితే ఇంకోటి. యంత్రానికి ఇంట్లోని రౌటరు ఒక అడ్రసు ఇస్తుంది, ఫోను ఆ అడ్రసుకు వెళ్లి అడగాలి. కానీ ఆ అడ్రసు మాటిమాటికీ మారిపోయేది. అద్దె కట్టకుండా ఇల్లు మారే మనిషిని వెతికినట్టు వెతుక్కునేదాన్ని. చివరికి రౌటరులోకి వెళ్లి, ఈ పెట్టెకు ఎప్పుడూ ఇదే అడ్రసు అని రాసిపెట్టాను. నా అంతట నేను, ఎవర్నీ అడక్కుండా చేసిన మొదటి పని అది. ఆ రోజు వంటింట్లో నిలబడి ఫోన్లో సర్వర్‌లోని ఫోల్డరు తెరిస్తే తెరుచుకుంది. ఉప్మా మాడింది గానీ బాధనిపించలేదు.

ఇక మాటలు కావాలి. చుట్టాలందర్నీ అడిగాను. ఒకరి దగ్గర పెళ్లి వీడియోలో బావ "అన్నం ఎయ్యండి" అన్నది దొరికింది, ఇంకొకరి దగ్గర పుట్టినరోజు పాట. చాలామంది ఫోన్లు మార్చేశారు. అప్పుడు వదిన గుర్తొచ్చింది. వదినంటే బావకి అప్ప, సొంత అక్క. జాలరిపేటలో ఉంటుంది. మా అత్తవాళ్లది సముద్రంలో వేటకెళ్లే కుటుంబం. బావ ఒక్కడే ఐటీఐ చదివి హార్బరుకి వెళ్లాడు. వదిన కొడుకు, అంటే మాకు అల్లుడు, ఇప్పటికీ పడవ మీదే. వదినకి చదువు రాదు, అందుకని బావ ఏది చెప్పాలన్నా మాట్లాడి పంపేవాడు.

వెళ్లేసరికి వదిన గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. విషయం చెప్తే, చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను నా ఒళ్లో పెట్టింది.

"నాను ఒకటీ తుడప్లేదు. ఎలా తుడపాలో తెలిత్తే కదా."

తెరిచి చూస్తే వేలితో ఎంత జరిపినా ఆ వరస అయిపోవడం లేదు. అన్నీ బావవే. హార్బరులో తుపాను జెండా నంబరు ఎగరేసినప్పుడల్లా, గాలి తిరిగినప్పుడల్లా డ్యూటీకి వెళ్లగానే వదినకి మాట పంపేవాడు. వదిన దాన్ని గట్టిగా పెట్టి ఒడ్డున ఉన్నవాళ్లకి వినిపించేదట. ఇది ఎన్నో ఏళ్లు నడిచిందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినంత పని అనుకోలేదేమో.

"ఈడి మాట ఇన్నాకే పడవలు తోసేవోళ్లు," అంది వదిన. "ఇప్పుడు గవర్నమెంటోళ్లు మెసేజీలు పెడతారు. ఎవులు సదువుతారు?"

అక్కడే కూర్చుని గుప్పెడు గుప్పెడుగా నా ఫోనుకి పంపుకున్నాను. పొద్దు వాలేదాకా పట్టింది. వదిన నాకు రెండుసార్లు టీ పెట్టింది.

ఇంటికొచ్చాక సర్వర్‌లో వేశాను. వచ్చిన ఫైళ్లకి పేర్లన్నీ అంకెలే. పేరు లేని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టేనని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఒక్కొక్కటీ విని పేరు పెట్టడం మొదలుపెట్టాను. తూర్పు గాలి. మూడో నంబరు. నెమ్మదిగా ఉంది. వాన. అల్లుడికి జ్వరం. సాధారణంగా ఇయర్‌ఫోన్స్‌తో వినేదాన్ని. ఒకరోజు వంట చేస్తూ, బావ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడనుకుని పైకి పెట్టాను.

"అప్పా, ఇయ్యేల గాలి బాగానే ఉంది. సాయంత్రానికి తిరుగుద్ది. మజ్జానానికల్లా వచ్చీమని సెప్పు."

వెనక్కి తిరిగితే బావ గుమ్మంలో ఉన్నాడు. సంచీ భుజానే ఉంది. ముఖం చూసి ఆపేశాను. అతను పలక తీసి రాశాడు. "తీసెయ్."

"తియ్యను బావా."

మళ్లీ అదే మాట కింద గీత గీశాడు.

"నీకొద్దేమో. నాక్కావాలి. నువ్వు మాటాడింది నీ ఒక్కడిదేటి?"

పలక బల్ల మీద బోర్లించి మేడ మీదికి వెళ్లిపోయాడు. అక్కడ నుంచి సింహాచలం కొండ కనిపిస్తుంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడని తెలుసు. అన్నానికి పిలవడానికి వెళ్లలేదు. నేనూ పట్టుదల మీదే ఉన్నాను. చాలా రోజులు మా మధ్య పలక అవసరం కూడా రాలేదు.

ఆ రోజుల్లోనే రెండో డిస్కు కూడా బిగించాను. రోజూ తెల్లవారుజామున మొదటి డిస్కులో ఉన్నది రెండోదానిలోకి దానంతటదే కాపీ అయ్యేలా రాసుకున్నాను. బాగానే నడిచింది. ఒక పొద్దున కరెంటు పోయి వచ్చింది. యంత్రం లేచింది గానీ పూర్తిగా లేవలేదు. ఏదో అత్యవసర స్థితిలో ఉన్నానని ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయింది. మేడమ్ ఊళ్లో లేదు.  వదిన ఫోను కూడా అప్పటికి మారిపోయింది, నా ఫోన్లోవి సర్వర్‌లో వేశాక తీసేశాను. ఉన్నదంతా ఇందులోనే.

కాలేజీకి రానని చెప్పి కూర్చున్నాను. తెర మీద ఉన్న ప్రతి వరసా చదివాను. తెలియని మాటని ఫోన్లో వెతికాను. మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. ఏ డిస్కుని ఎక్కడ తగిలించాలో చెప్పే ఒక ఫైలులో నేను వాటిని మొదటిది, రెండోది అన్నట్టుగా రాశాను. యంత్రం లేచేటప్పుడు ఏది ముందు కనబడితే దానికి ఆ పేరు ఇస్తుందట. ఈసారి వరస తారుమారైంది. దానికి మార్గం ఉంది. ప్రతి డిస్కుకీ ఎప్పటికీ మారని ఒక పొడవాటి నంబరు ఉంటుంది, ఆ నంబరు రాయాలి. అంకెలూ అక్షరాలూ కలిపి ఆంజనేయుడి తోకంత ఉంది అది. రాసుకోవడానికి చుట్టూ చూస్తే చేతికి పలక తగిలింది. దాని మీదే ఎక్కించుకుని టైపు చేశాను. ఎక్కడో తప్పు పోయింది. మళ్లీ చేశాను. మళ్లీ ఆగింది.

బావ ఎప్పుడొచ్చాడో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పలక అందుకున్నాడు. నేను టైపు చేస్తుంటే బలపంతో ఒక్కొక్క అక్షరం కింద చుక్క పెడుతూ తెరకేసి చూశాడు. మధ్యలో బల్ల మీద టక్కున కొట్టాడు. సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ కొట్టాను. దిద్దాను. యంత్రం లేచింది. ఫోల్డర్లన్నీ వరసగా కనిపించాయి. ఏడుస్తూ నవ్వాను. బావ పలక తుడిచేసి టీ అని రాశాడు. 

ఆ ఏడాది వానల చివర్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. పొద్దున కాలేజీకి సెలవిచ్చారు. డ్యూటీకెళ్లిన బావ కాసేపట్లోనే తడుచుకుంటూ తిరిగొచ్చాడు. హార్బరులో మూడో నంబరు ఎగరేశారని రాశాడు. "అల్లుడికి మెసేజ్ పెట్టాను, చూడలేదు. అప్పకి ఫోన్ చెయ్," అని రాశాడు. చేశాను.

"సెప్తన్నానే," అంది వదిన. "నా మాట ఇంటారేటి? సముద్రం నిమ్మలంగా ఉంది, ఇప్పుడెల్లి మజ్జానానికల్లా వచ్చేస్తామంటన్నారు. ఇంకో రెండు పడవలోళ్లు కూడా తయారైనారు."

"అల్లుడికి ఫోనివ్వు వదినా."

అల్లుడు అందుకున్నాడు. "అత్తా, నీకు పుస్తకాల సంగతి తెలుసు గానీ, ఈ నీళ్ల సంగతి తెలీదు. బయపడకు," అని మర్యాదగానే చెప్పి పెట్టేశాడు.

బావ నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. కాసేపు తడి చొక్కాతో అలాగే నిలబడ్డాడు. తర్వాత పలక మీద రాశాడు. "మూడో నెంబరు ఏదీ?"

నాకు అర్థం కాలేదు. చేత్తో యంత్రం వైపు చూపించాడు.

ఫోల్డరు తెరిచాను. ఆ పేరుతో నాలుగైదు ఉన్నాయి. నా ఫోను తన చేతిలోకి తీసుకుని మొదటిది నొక్కాడు. తన గొంతు తను విన్నాడు. మధ్యలో ఆపలేదు. అందులో రేపటి సంగతి ఉంది, పనికిరాదన్నట్టు తల ఊపాడు. రెండోదానిలో గాలి దిక్కు తేడా ఉంది. మూడోది పూర్తిగా విన్నాడు.

"అప్పా, మూడో నెంబరు ఎగరేసినారు. ఎవుల్నీ ఎల్లొద్దని సెప్పు. పడవలు బాగా పైకి లాగించు. వలలు ఒడ్డున ఒగ్గీకండి."

దాన్నే వదినకి పంపాడు. ఫోను బల్ల మీద పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాడు. కరెంటు పోయింది. పెట్టె మాత్రం, అది ఆగిపోయిన రోజు తర్వాత నేను కొన్న బ్యాటరీ మీద నడుస్తోంది.

ఫోను మోగింది. వదిన కాదు, అల్లుడు. వెనకాల గాలి, ఒకేసారి చాలామంది మాట్లాడుతున్న చప్పుడు.

"మావా, నువ్వేనా? మాటొచ్చిందా?"

బావ ఫోను మీద వేలితో కొట్టాడు. నేను అందుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది పాత మాట, మీ మావయ్యే ఏరి ఇప్పుడు పంపాడు, హార్బరులో జెండా మాత్రం ఇవాళే ఎగిరింది అన్నాను. 

"లాగేత్తన్నాం మావా," అన్నాడు అల్లుడు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. మా వీధిలో రేకులు లేచిపోయాయి. ఒడ్డున అల రోడ్డు దాకా వచ్చి ఒకరి వల మూట లాక్కుపోయిందట. పడవలు, మనుషులు భద్రం.

వర్షాలు తగ్గాక వదిన చేపల తట్టతో వచ్చింది. బావ ఎదురుగా కూర్చుని చాలాసేపు అతని మెడ వైపు చూసింది.

"తమ్ముడా, ఎన్నాళ్లు పాతయ్యే పంపుతావు? రేపు కొత్త సంగతి జరిగితే ఏటి సేత్తావు? డాక్టరమ్మ నేర్పుతానంది కదా, ఎల్లవేటి?"

బావ రాసి చూపించాడు. వదినకి చదువు రాదు కాబట్టి నేనే చదివాను. కప్ప గొంతు వస్తాదంట.

"కప్పయితే ఏటి? కప్ప అరిత్తే వానొత్తాదని మా ఒడ్డునందరికీ తెలుసు."

బావ భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. ఆపరేషన్ తర్వాత అలా నవ్వడం నేను చూడలేదు.

ఆ సోమవారం తనే సాధన క్లాసుకి తయారయ్యాడు. ఇప్పుడు పొద్దున్నే మేడ మీద కూర్చుని గాలి మింగుతూ, వదులుతూ ఉంటాడు. మొదట ఉత్త చప్పుడే వచ్చేది. ఇప్పుడు కొన్ని మాటలు తెలుస్తున్నాయి. అప్పా అన్నది స్పష్టంగా వస్తుంది. నా పేరు ఇంకా రావడం లేదు, అందులో కష్టమైన అక్షరం ఒకటి ఉంది. పాత ఫైళ్లకి మిగిలిన పేర్లు కూడా అతనే పెడుతున్నాడు. గాలుల పేర్లలో నేను చేసిన తప్పులన్నీ దిద్దాడు.

మొన్న అడిగాను, "రికార్డు చెయ్యనా బావా?"

తల అడ్డంగా ఊపి, పలక కోసం చూసి, మళ్లీ మనసు మార్చుకుని గాలి మింగాడు. రెండు మూడు ప్రయత్నాలు పట్టాయి.

"ఇప్పుడొద్దు," అన్నాడు.

సరేనన్నాను. కిందికొచ్చి సర్వర్‌లో కొత్తవి అని ఒక ఫోల్డరు చేసి పెట్టాను. ప్రస్తుతం అందులో ఏమీ లేదు.